గిట్టుబాటు గీత ఎక్కడ?

లాభమూ నష్టమూ లేని చోటును బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటారు. కామర్సు మిత్రులకిది పాత పాఠం. సైన్సు వాళ్ళకు రెండు సరళరేఖలు ఖండించుకునే బిందువు. మా ఇంట్లో మాత్రం ఇప్పుడిదే పెద్ద ప్రశ్న: అప్పు చేసి ఊళ్ళో కారం మర పెట్టాలా, వద్దా?

ఖర్చులు రెండు రకాలు. మర ఆడినా ఆడకపోయినా తప్పనిది స్థిర వ్యయం. గది అద్దె 3,000, అప్పు వాయిదా 6,000, మనిషి జీతం 9,000. వెరసి నెలకు 18,000 రూపాయలనుకుందాం. ఆడేకొద్దీ పెరిగేది చర వ్యయం. కరెంటు, అరుగుదల కలిపి కిలోకు 5 వేద్దాం. పట్టుకూలి కిలోకు 20 అయితే మిగిలేది 15. 18,000ను 15తో భాగిస్తే 1,200 కిలోలు, అంటే రోజుకు 40. ఆ పై కిలో నుంచే మనకు లాభం.

పోటీకి దిగి కూలి 15 చేశామా, మిగిలేది 10. అప్పుడు 1,800 కిలోలు పట్టాలి. ధర పావువంతు తగ్గితే పని సగం పెరిగింది!

ఇంకో మెలిక ఉంది. జనం కారం పట్టించుకునేది ఎక్కువగా ఎండాకాలంలోనే. అద్దె, వాయిదా మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. ఏడాదికి కావలసిన 14,400 కిలోలూ నాలుగు నెలల్లోనే రావాలంటే రోజుకు 120 పట్టాలి.

"జీతగాడెందుకురా, నేనే కూర్చుంటా" అంటాడు నాన్న. 9,000 కొట్టేస్తే కాగితం మీద 600 కిలోలకే గిట్టుతుంది. కానీ ఇంటిమనిషి కష్టాన్ని లెక్కలో రాయకపోవడం సేద్యంలో చూస్తూనే ఉన్నాం. నాన్న కూలి కూడా రాసిన లెక్కే అసలు లెక్క. అప్పు అడిగే ముందు ఇల్లిల్లూ తిరిగి, ఏడాదికెంత కారం పట్టిస్తారో అడిగి రాసుకోవాలి.