కాల్‌బాయ్ కేక

హిజ్లీ

అమ్మడూ,

నర్సింగు రెండో ఏడులో పడ్డావన్నమాట. మా ఊళ్ళో రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే జనం ఏం చేస్తారని అడిగావు. కాలేజీలో రాయాల్సిన దానికోసమే అడిగావని తెలుసులే, అయినా చెబుతాను.

నేను గూడ్సు గార్డుగా ఉన్న రోజుల్లో అర్ధరాత్రి మా క్వార్టర్ తలుపు తట్టేది కాల్‌బాయ్. చేతిలో లాంతరు, చంకలో కాల్‌బుక్కు. సంతకం పెట్టేదాకా గుమ్మం వదిలేవాడు కాదు. బొగ్గు బండి కదలడానికి మనిషిని నిద్రలేపే ఏర్పాటు అంత పకడ్బందీగా ఉండేది. బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే లేచి ఒక్క మాట చెప్పే మనిషి మాత్రం దొరికేవాడు కాదు.

మీ నాన్నకి రెండో ఏట ఓ రాత్రి విరేచనాలు పట్టుకున్నాయి. నేను లైన్ మీద ఉన్నాను. నాన్నమ్మ చంకనేసుకుని పోతే ఒకచోట "పొద్దున్న చీటీ రాయించుకుని రండి" అన్నారట. పక్క క్వార్టర్లో ఆయాగా పనిచేసే బెంగాలీ పిన్నిగారు ఉండేది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టించమంది. ఒంటేలు పోస్తున్నాడో లేదో చూస్తుండమంది. కళ్ళు లోపలికి పీక్కుపోతే మాత్రం ఇంకేం ఆలోచించక పెద్దాసుపత్రికి పరిగెత్తమంది. తెల్లారేసరికి తేరుకున్నాడు.

ఆ నీళ్ళ మహిమ లోకానికి తెలిసింది కూడా ఈ బెంగాల్‌లోనే. 1971లో బన్‌గావ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగి సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించారు. నూటికి ముప్ఫైమంది పోతున్నచోట ఆ లెక్క నలుగురి లోపుకి దిగింది. పక్కన కూర్చుని పట్టించింది చాలావరకు అయినవాళ్ళే.

నువ్వు మందు సంగతి అక్కడుంచి, పిన్నిగారు వేరుచేసిన తీరు చూడు. ఇంట్లో చేసుకునేదేది, తెల్లారేదాకా ఆగేదేది, ఇప్పుడే పోవలసిందేది. క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. అది ప్రాణం మీదికొచ్చినవాళ్ళ కోసం. దానికీ, మందుల షాపు కుర్రాడు చేతిలో పోసే రంగు మాత్రలకీ మధ్య ఏమీ లేకపోవడమే మా ఊరి జబ్బు.

నెదర్లాండ్స్‌లో ఫ్యామిలీ డాక్టర్లు కలిసి రాత్రిళ్ళు వంతులేసుకుంటారు. ముందు ఫోనెత్తి ప్రశ్నలడిగేది శిక్షణ పొందిన సహాయకులు, వెనక డాక్టరుంటాడు. జనం వేళకి వైద్యం నడవాలన్న ఆలోచన మనవాళ్ళకీ తట్టకపోలేదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్, బస్తీల ఆరోగ్య కేంద్రంలో ఓపీ మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా నడవాలని కాగితం మీద రాసింది. కూలి బతుకు ఎరిగినవాడెవడో రాసి ఉంటాడు. నైట్ డ్యూటీ దిగి పడుకున్నవాడికి పొద్దున తొమ్మిదింటి ఓపీ అర్ధరాత్రితో సమానం.

ఇంకొకటి, ఇది మీ పుస్తకాల్లో ఉండదు. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష గుర్తింపునిచ్చింది. బోర్డుల మీద తెలుగు చూస్తే నాకూ సంతోషమే, కానీ ముందు రాత్రిపూట సలహా చెప్పే ఫోన్లో కావాలి. సిక్కోలు నుంచి వచ్చి మూడు తరాలైన ముసలమ్మ మా ఊరి గోల్‌బజార్‌లో బెంగాలీలోనే బేరమాడుతుంది. మనవడికి జబ్బు చేస్తే మాత్రం "డొక్కలెగరేస్తున్నాడు బాబూ" అని తెలుగులో ఏడుస్తుంది. అది నెమ్ము కావచ్చని, తెల్లారేదాకా ఆగకూడదని అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది? నీకు తెలుసు. అందుకే నువ్వు చదివేది డాక్టరు చదువు కాదని చిన్నబోకు, ఆ ఫోను ఎత్తాల్సినదానివి నువ్వే.

రెండు నెలలు నిండని బిడ్డ నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, ఊపిరి ఈ లెక్కకి చేరినా దాటినా నెమ్ముని అనుమానించాలని మీకు చెప్పే ఉంటారు. దసరాకి వచ్చినప్పుడు గడియారం దగ్గర పెట్టుకుని, ఎదురింటి పాపాయి నిద్రపోతుండగా లెక్కపెట్టి చూపించు. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేశావంటే ఒప్పుకోను.

మీ తాతయ్య