గిద్ద నుంచి కుంచం దాకా

గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు ధాన్యాన్ని కుంచాలతో కొలిచేవారు. 1956 నాటి చట్టంతో మన దేశంలో మెట్రిక్ కొలతలు ప్రవేశించాక ఆ పాత కొలతలు క్రమంగా వెనకబడ్డాయి. అయినా మీ ఇంట్లో సోలో, తవ్వో ఉండవచ్చు. అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి చూడండి. ఈ లెక్క చెబుతారు:

2 గిద్దలు = 1 అరసోల
2 అరసోలలు = 1 సోల
2 సోలలు = 1 తవ్వ
2 తవ్వలు = 1 మానిక
2 మానికలు = 1 అడ్డ
2 అడ్డలు = 1 కుంచం

ప్రతి మెట్టులోనూ రెట్టింపే, గమనించారా? కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యామానానికి, అంటే బైనరీకి, ఆధారం ఇదే.

ఒక ప్రయోగం చేద్దాం. దళసరి అట్టతో ఒకే వెడల్పు గల ఆరు ముక్కలు కత్తిరించండి. పొడవులు వరుసగా 1, 2, 4, 8, 16, 32 సెంటీమీటర్లు ఉండాలి. వాటిపై గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ అని రాయండి. అడ్డ ఎడమ కొసన, గిద్ద కుడి కొసన వచ్చేలా పేర్చండి.

ఇప్పుడు 45 గిద్దల బియ్యం కొలవాలి. పెద్ద కొలతతో మొదలుపెట్టండి. అడ్డ తీస్తే ఇంకా 13 కావాలి. మానిక ఎక్కువవుతుంది, వద్దు. తవ్వ తీస్తే 5, సోల తీస్తే 1 మిగులుతుంది. అరసోల వద్దు. చివరికి గిద్ద. వాడిన ముక్క కింద 1, వాడని ముక్క కింద 0 వేయండి. 101101 వచ్చింది కదా! 45కు బైనరీ రూపం ఇదే.

ఇందులో 2 అనే అంకె ఎందుకు రాలేదు? రెండు సోలలు కావలసిన చోట ఒక తవ్వ సరిపోతుంది కనుక. మనం రోజూ వాడే పద్ధతిలో పది ఒకట్లు చేరితే ఒక పది అవుతుంది. ఇక్కడ రెండు చేరగానే ఎడమ స్థానానికి జరుగుతాం. సూత్రం ఒక్కటే.

కూడిక కూడా ఇంతే. మీ స్నేహితుడి చేత మరో ఆరు ముక్కలు చేయించండి. మీరు 11, అంటే తవ్వ, అరసోల, గిద్ద పెట్టండి. అతను 6, అంటే సోల, అరసోల పెడతాడు. రెండు అరసోలలు తీసి ఒక సోల పెట్టండి. అప్పుడు సోలలు రెండయ్యాయి. వాటికి బదులు తవ్వ. తవ్వలూ రెండయ్యాయి, వాటికి బదులు మానిక. మిగిలినవి మానిక, గిద్ద: 10001. అంటే 17!

జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ 1703లో ప్రచురించిన వ్యాసంలో బైనరీని వివరించాడు. ఇలా రెట్టింపయ్యే తూనికరాళ్లు కొద్దిగా ఉన్నా ఎన్నో బరువులు తూచవచ్చని అందులోనే చెప్పాడు. మన ఆరు కొలతలూ అంతే. ఏ కొలతనూ రెండోసారి ముంచకుండా 1 నుంచి 63 గిద్దల వరకు ఎంతైనా కొలవవచ్చు.

మరి ఆరు ముక్కలూ పేర్చి, ఇంకొక గిద్ద చేర్చితే ఏమవుతుంది? ముక్కలు మార్చుకుంటూ పోయి మీరే కనుక్కోండి.

జవాబు: 1000000. అంటే సరిగ్గా ఒక కుంచం.