కాకినాడ కాలేజీలకు వెళ్లొచ్చే పిల్లలకు నిద్ర చిట్కాలు

పొద్దున్నే పిఠాపురంలో కాకినాడ బస్సెక్కితే సగం మంది కాలేజీ పిల్లలు కిటికీకి తల ఆనించి నిద్రపోతూ కనిపిస్తారు. అదే పిల్లలకు రాత్రి పన్నెండు దాటినా కన్ను మూతపడదు. దీన్ని బద్ధకం అనకండి. ఆ వయసులో ఒంట్లోని గడియారం వెనక్కి జరిగి, నిద్ర ఆలస్యంగా వస్తుంది. ఆ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. ఈ వయసుకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి.

1. అన్నిటికన్నా ముఖ్యం, లేచే వేళ మారకూడదు. రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున అదే టైముకి లేవాలి. అమ్మలూ, ఆదివారం "పోనీలే, పడుకోనీ" అని పదకొండు దాకా వదిలేయకండి. ఆ రాత్రి నిద్ర రాదు, సోమవారం బస్సు తప్పుతుంది. సెలవు రోజు మహా అయితే ఓ గంట ఎక్కువ. లేవగానే డాబా మీదికో వీధిలోకో పంపండి. పొద్దుటి వెలుగు కళ్లకు తగిలితేనే ఆ గడియారం ముందుకు జరుగుతుంది.

2. సాయంత్రం తిరుగు బస్సులో కునుకు తీయొద్దు. అది రాత్రి నిద్రను తినేస్తుంది. మరీ అలసిపోతే మధ్యాహ్నం మూడులోపు, 20 నిమిషాలు చాలు.

3. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదకొండుకి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ, కూల్‌డ్రింకు మానేయండి.

4. ఫోను వేరే గదిలో చార్జింగు పెట్టండి. అలారానికి బల్ల గడియారం కొనండి.

5. మన ఉక్కపోతకి శ్లాబు కింది గది రాత్రంతా సెగలు కక్కుతుంది. ఒంటి వేడి తగ్గితేగాని నిద్ర పట్టదు. పడుకోవడానికి గంట ముందు స్నానం, నూలు దుప్పటి, వీలుంటే దోమతెర కట్టి డాబా మీద పక్క.

6. మంచం మీద చదువు వద్దు. రికార్డులు రాయడం, రీల్సు చూడడం కూడా అక్కడ వద్దు. చాలాసేపు దొర్లినా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో ఏదైనా చదువుకుని, కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోండి. టైము చూడొద్దు.

7. పరీక్షల ముందు నైటౌట్లు దండగ. చదివింది బుర్రలో స్థిరపడేది నిద్రలోనే.

8. నిద్ర కోసం జలుబు మాత్రలు, ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు మింగొద్దు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర లేకపోతే అది నిద్రలేమి జబ్బే. దానికి ముందుగా చేయాల్సిన వైద్యం మాత్రలు కాదు, అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే చికిత్స. కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్యులను కలవండి. దిగులో భయమో నిద్ర పోనివ్వకపోతే మూడు నెలలు ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.