మాంద్యంలో పన్ను కోతా, ప్రభుత్వ ఖర్చా?

ప్రశ్న: వ్యాపారాలు చతికిలబడినప్పుడు ప్రభుత్వం పన్నులు తగ్గించడం మేలా, తానే ఖర్చు పెంచడం మేలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు చిక్కు ఎక్కడుందో చూడాలండి. 2019 సెప్టెంబరులో కేంద్రం, రాయితీలు వదులుకునే కంపెనీలకు కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయలు తగ్గుతాయని అప్పటి అంచనా. అయినా ఆ ఆర్థిక సంవత్సరం వృద్ధి 4 శాతం దగ్గరే ఆగింది. రిజర్వ్ బ్యాంకు సర్వేలో ఫ్యాక్టరీల సామర్థ్య వినియోగం అప్పట్లో 70 శాతం లోపే ఉంది. ఉన్న యంత్రాలకే పని లేకపోతే, పన్ను మిగిలిందని కొత్తవి ఎవరు కొంటారు?

ఇక ఖర్చు సంగతి చూద్దాం. 2020లో కరోనా వేళ ఉపాధి హామీ పథకానికి బడ్జెట్‌లోని 61,500 కోట్లకు తోడు మరో 40,000 కోట్లు ఇచ్చారు. ఊరికి తిరిగొచ్చిన మనిషి చెరువు పూడిక తీసి సంపాదించిన కూలి ఎక్కడికి పోతుంది? కిరాణా కొట్టు బాకీకి, నూనెకి, పిల్లల మందులకి. దాచుకునే స్థోమత లేదు కాబట్టే ఆ డబ్బు వెంటనే చేతులు మారుతుంది. కూలి నెలల తరబడి ఆలస్యమైతే మాత్రం ఈ మేలంతా నీరుగారిపోతుంది.

అయితే ప్రతి ఖర్చూ ఇంత త్వరగా జనానికి చేరదు. పెద్ద రహదారులు, వంతెనలకు భూసేకరణ, టెండర్లు ముగిసేసరికే ఏళ్లు పడుతుంది. అంతకంటే సబ్బు, బిస్కెట్ల మీద జీఎస్టీ తగ్గింపు త్వరగా జనానికి అందుతుంది, దుకాణదారు ధర తగ్గిస్తేనే సుమా.

గిరాకీ పడిపోయినప్పుడు నా ఓటు పేదల చేతికి నేరుగా చేరే ఖర్చుకే. కార్పొరేట్ పన్ను కోతకు అది సమయం కాదు.