కొండ ఎక్కడ జారుతుందో మ్యాపు చెబుతుందా?

ప్రశ్న: ఉపగ్రహం తీసిన ఎత్తుల మ్యాపు చూసి, అడవి కొండల్లో ఏ వాలు జారుతుందో ముందే చెప్పవచ్చా?

జవాబు: ఎక్కడ జారే అవకాశం ఎక్కువో చెప్పవచ్చు. ఎప్పుడన్నది చెప్పలేం. అమెరికాలో మాంట్‌గోమరీ, డైట్రిచ్ అనే పరిశోధకులు 1994లో ప్రచురించిన పద్ధతి ఇందుకు పునాది. తరువాత దానికి షాల్‌స్టాబ్ అని పేరొచ్చింది. మ్యాపును గడులుగా చూసి, ప్రతి గడిలో అది ముఖ్యంగా రెండు అంశాలు లెక్కిస్తుంది: వాలు ఎంత ఏటవాలుగా ఉంది, పైనుంచి ఎంత మేర నీరు అక్కడికి దిగుతుంది. అందుకే నిటారు కొండల్లో దొన్నెలా లోపలికి వంగిన పల్లాలు ముందుగా ప్రమాద స్థలాలుగా తేలతాయి. జోరువానకు మట్టిలో నీటిమట్టం పెరిగి, రాతిమీది పలుచని మట్టిపొర పట్టు వదిలేది ఎక్కువగా అక్కడే.

మొదటి చిక్కు గడి పరిమాణంతో. ఉచితంగా దొరికే 30 మీటర్ల మ్యాపులో చిన్న పల్లం చదునైపోతుంది. దట్టమైన అడవిలో ఉపగ్రహం కొలిచే ఎత్తులో చెట్ల ఎత్తు కూడా కలిసిపోతుంది. విమానం నుంచి లేజర్‌తో కొలిచే లైడార్ ఆకుల సందుల్లోంచి నేలను పట్టుకుంటుంది. వీలైతే అదే వాడండి.

పైగా, మూల పద్ధతి వేళ్ల పట్టును లెక్కించదు. చెట్లు నరికాక పాత వేళ్లు కుళ్లి, కొత్తవి పాకేదాకా కొన్నేళ్లు వాలు బలహీనమే. మ్యాపును పాత జారుడు మచ్చలతో, రోడ్డు కోతలతో పోల్చి చూడండి. గడి సురక్షితమని మ్యాపు చూపిందని పల్లం కింద మాత్రం ఇల్లు కట్టకండి.