ములాఖత్ తర్వాత నువ్వడిగిన ప్రశ్న



నీ ఉత్తరం అందింది. న్యాయసేవాధికార సంస్థ నీకు అప్పగించిన కేసు సంగతి పేపర్లో చదివాను. నీ కక్షిదారు చిన్నపిల్లని చంపాడని కేసు. ములాఖత్‌లో వాడు "మా అమ్మకి కబురు చేస్తారా మేడం" అంటే జాలేసిందనీ, బయటికొచ్చాక ఆ పిల్ల ఫోటో గుర్తొచ్చి నీ మీద నీకే రోత పుట్టిందనీ రాశావు. ఇలాంటివాడు మన జాలికి అర్హుడేనా అని అడిగావు.

అర్హతే చూస్తే కాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, నన్ను మెత్తటి మనిషిననుకుంటావేమో అని. కానీ మనం ఎవరి మీద జాలిపడినా అర్హత చూసి పడుతున్నామా?

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సు తగలబడింది. దోపిడీకని ఎక్కిన ఇద్దరు కుర్రాళ్ళు పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. నువ్వింకా పుట్టలేదు. ఆ రోజుల్లో గుంటూరు కోర్టు బయట ఏ టీ బంకు దగ్గర నిలబడ్డా ఉరి మాటే. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమాభిక్ష అర్జీ ఒకసారి తోసేశారు. ఉరి తేదీ కూడా పడి చివరి ఘడియల్లో ఆగింది. మళ్ళీ పెట్టుకున్న అర్జీ మీద 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిశిక్షని యావజ్జీవంగా మార్చారు. ఈలోపు పౌరహక్కుల వాళ్ళు, రచయితలు ఆ ఇద్దరి ప్రాణాల కోసం సభలు పెట్టారు, సంతకాలు సేకరించారు. బస్సులో పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఆ సభల కబురు విన్నప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో. వాళ్ళ కోపాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అయినా ఉరి వద్దన్నవాళ్ళదే న్యాయమని నా నమ్మకం. ఎందుకంటావా? ఆ ఇద్దరూ దళిత కుర్రాళ్ళు, పేదవాళ్ళు. అదే కోస్తాలో 1985 జులైలో కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ఆ రెండు కేసుల్లో ఒక్కరికీ ఉరి పడలేదు. చుండూరు కేసులో 2007లో యావజ్జీవం పడినవాళ్ళని కూడా 2014లో హైకోర్టు విడిచిపెట్టేసింది. వాళ్ళకి ఉరి పడాల్సిందని నేననడం లేదు. కానీ "ఆవేశంలో జరిగిపోయింది, పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు" అని పెద్దమనుషులు వాళ్ళ గురించి అనుకోవడం ఈ చెవులతో విన్నాను. అక్కడ అర్హత మాట ఎవరూ ఎత్తలేదు.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో, ఒక అమ్మాయిని చెరిచి చంపిన కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ అమ్మాయికి జరిగింది ఘోరాతిఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఆ నలుగురూ కలవారి బిడ్డలై ఉంటే విచారణ జరగకుండానే పూలు పడేవా?

నే చెప్పదలచింది ఇంతే. మనవాడనుకున్నవాడికి సానుభూతి అడక్కుండానే దొరుకుతుంది. ఎవరూ లేనివాడి దగ్గరికొచ్చేసరికే మనకి అర్హత గుర్తొస్తుంది. నీకు జాలేసింది రెండోరకం వాడి మీద. దానికి సిగ్గుపడకు.

అయితే ఆ జాలి శిక్షని చెరిపెయ్యదు. వాడు చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాడే కావచ్చు, కానీ అలా దెబ్బలు తిన్నవాళ్ళందరూ పిల్లల్ని చంపరు కదా. నేరం రుజువైతే వాడు ఏళ్ళ తరబడి జైల్లో ఉండాల్సిందే. కానీ ఉరి విషయంలో నేరంతో పాటు నేరం చేసిన మనిషినీ చూడాలని 1980లోనే సుప్రీంకోర్టు బచన్ సింగ్ తీర్పులో చెప్పింది. వాడు బాగుపడడని చూపించే బరువు ప్రభుత్వం మీదే పెట్టింది. ఆ వివరాలు విచారణ దశలోనే సేకరించాలని 2022లో అదే కోర్టు మనోజ్ తీర్పులో గట్టిగా చెప్పింది. మన వాళ్ళలో చాలామంది శిక్ష మీద వాదన రోజున "పేదవాడు, ముసలి తల్లి ఉంది, దయచూడండి" అని రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. నువ్వు అలా చెయ్యకు. వాడి ఊరెళ్ళు. తల్లితో మాట్లాడు. బడి ఎప్పుడు మానేశాడో, తాగుడు ఎప్పుడు పట్టుకుందో, మతి తప్పిన జాడలేమైనా ఉన్నాయో అడుగు. అది కోర్టుకి కాగితాల మీద వెళ్ళాలి.

ఇంకొకటి, క్షమ జోలికి పోకు. 1999లో ఒడిశాలో గ్రాహం స్టెయిన్స్‌ని, ఆయన ఇద్దరు కొడుకుల్ని జీపులో తగలబెడితే, చంపినవాళ్ళని క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ అన్నారు. భర్తనీ బిడ్డల్నీ పోగొట్టుకున్న మనిషి కాబట్టి ఆవిడ అనగలిగారు. ఆవిడలా అందరూ క్షమించాలని నీతులు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వచ్చే వాయిదాకి ఆ పిల్ల తల్లి బోనెక్కుతుందని రాశావు. క్రాస్ నీదే. నీ కక్షిదారు కోసం అడగాల్సినవన్నీ అడుగు, ఒక్కటీ వదలకు. కానీ "పిల్లని ఒంటరిగా ఎందుకు వదిలావమ్మా" అన్న ప్రశ్న మాత్రం, సీనియర్లు ఎంత చెప్పినా, వెయ్యకు.

ఇట్లు,
పెదనాన్న