జేజినాయన ప్లిమత్ మళ్లీ రోడ్డెక్కాలంటే: సందేహాలు – సమాధానాలు

ఈ విడతలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత అమెరికా కార్ల గురించే. ఒకరికి చెప్పిన జవాబు పక్క ఊరివాళ్లకీ పనికొస్తుంది కాబట్టి అన్నీ ఒకేచోట ఇస్తున్నాను.

మా జేజినాయన వాడిన ప్లిమత్ కారు ముప్పై ఏళ్లుగా రేకుల షెడ్డులో ఉంది. టింకరింగ్ చేసే ఆయన్ని పిలిపిస్తే ముందు బాడీ పని పూర్తిచేసి రంగు కొడదాం, ఇంజన్ సంగతి తర్వాత అంటున్నాడు. అలా చేయొచ్చా? దీనికి సామాన్లు అసలు దొరుకుతాయా?
– ఒక చింతపండు వ్యాపారి, హిందూపురం

వద్దు. రంగు ఆఖరి పని. ముందు రంగు కొట్టించుకుని, ఆ మెరుపు చూసి మురిసి, ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ఓపికా అయిపోయి ఆగిపోయిన బళ్లు చాలా ఉంటాయి. పైగా బ్రేక్ ఆయిల్ నాలుగు చుక్కలు పడితే కొత్త రంగు లేచిపోతుంది. మొదట బ్రేకులు, తర్వాత ఇంజన్, ఆ తర్వాత వైరింగ్, బాడీ, చివరికి రంగు. ఈ వరస తప్పకండి.

మీ బండిది ఒకే సర్క్యూట్ బ్రేకు. నాలుగు చక్రాలకూ ఒకే మాస్టర్ సిలిండర్, అదీ డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఉంటుంది. ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. ముప్పై ఏళ్లు కదలని బండిలో సిలిండర్ల లోపలంతా తుప్పే. వాటిని లేతు మీద బోర్ చేయించి ఇత్తడి స్లీవ్ వేయించండి, రబ్బర్లు, పైపులు అన్నీ కొత్తవి వేయండి. డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

ఇంజన్‌ని సెల్ఫ్ కొట్టి చూద్దాం అనే తొందర అసలొద్దు. ప్లగ్గులు ఆరూ తీసి, సిలిండర్లలో పలచటి ఆయిల్ పోసి కొన్ని రోజులు నాననివ్వండి. తర్వాత హ్యాండిల్‌తో చేత్తోనే మెల్లగా తిప్పండి. ఇది ఫ్లాట్‌హెడ్ ఇంజన్. వాల్వులు హెడ్‌లో కాదు, బ్లాకులోనే సిలిండర్ల పక్కన ఉంటాయి. పక్కన రేకు మూతలు విప్పితే అవి లేచి దిగుతున్నాయో లేదో కంటితోనే చూడొచ్చు. బిగుసుకున్న వాల్వును బలవంతం చేస్తే వంగుతుంది. సంప్ కూడా విప్పి అడుగున పేరుకున్న మడ్డి తీయాల్సిందే. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పాత ట్యాంకులోని పెట్రోలు వాడకుండా చిన్న డబ్బాతో పెట్టుకోండి.

ఇక సామాన్లు. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో 1947 నుంచి క్రైస్లర్ కంపెనీ కార్లు బిగించింది. డాడ్జ్ కింగ్స్‌వే, ప్లిమత్ సవాయ్, డిసోటో డిప్లొమాట్. మూడు పేర్లు, ముందు గ్రిల్లు మూడు రకాలు. లోపల చూస్తే దాదాపు ఒకే బండి, అదే ఆరు సిలిండర్ల ఇంజన్. కాబట్టి ప్లిమత్ సామాను అని మాత్రమే అడిగితే లేదంటారు. డాడ్జ్‌దీ డిసోటోదీ కూడా అడగండి. బేరింగులకు పేరు కాదు, దాని మీద కొట్టిన నంబరు ముఖ్యం. ఆ నంబరు రాసుకుని బెంగళూరు జె.సి. రోడ్డుకో చెన్నై పుదుపేటకో వెళ్తే చాలా మటుకు దొరుకుతాయి. విప్పిన పాత భాగం ఎంత చెడినా పారేయకండి. కొత్తది చేయించడానికి అదే కొలత.

తుప్పు పట్టిన చిన్న భాగాలకు మీ మార్కెట్ ఊళ్లోనే మంచి మందుంది. పశువుల దాణాలో కలిపే మొలాసిస్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, ప్లాస్టిక్ డ్రమ్ములో రెండు మూడు వారాలు నానబెట్టండి. తుప్పు మాత్రమే పోతుంది, ఇనుము మిగులుతుంది. అల్యూమినియం భాగాలనూ, పోత పోసిన డోరు హ్యాండిళ్లలాంటి వాటినీ మాత్రం అందులో వేయొద్దు. తినేస్తుంది.

మా డిసోటో పెనుకొండ నుంచి గుట్టూరు దాకా బాగానే వస్తుంది. ఆ తర్వాత ఇంజన్ వెనక భాగం నుంచి మాడు వాసన, లాగుడు తగ్గడం. మీటర్‌లో వేడి మామూలుగానే చూపిస్తోంది. రేడియేటర్ రెండుసార్లు బాగుచేయించాం, థర్మోస్టాట్ కూడా తీసేయించాం. ఫలితం లేదు.
– ఒక రైతు, పెనుకొండ మండలం

మీటర్ మామూలుగా చూపిస్తూ వెనక సిలిండర్లు కాలుతున్నాయన్న ఈ ఒక్క మాటతోనే జబ్బు ఎక్కడుందో అనుమానించొచ్చు. ఈ ఇంజన్ బ్లాకు లోపల, వాటర్ పంపు వెనక నుంచి చివరిదాకా ఒక పొడవాటి రేకు గొట్టం ఉంటుంది. దాని నిండా కంతలు. పంపు నుంచి వచ్చే చల్లటి నీళ్లను ఆ కంతల గుండా ఒక్కో ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరికి పంచడమే దాని పని. అది తుప్పుపట్టి చిల్లు పడితే నీళ్లు ముందు భాగంలోనే తిరిగి వెనక్కి వచ్చేస్తాయి. ఐదు, ఆరు సిలిండర్లకు నీళ్లే అందవు. ఈ గొట్టం సంగతి తెలియక రేడియేటర్ మీద రేడియేటర్ మార్చినవాళ్లున్నారు.

రేడియేటర్, వాటర్ పంపు దింపితే గొట్టం మూతి కనిపిస్తుంది. కొక్కెం వేసి లాగండి. ఒక్కోసారి ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఓపిక పట్టాలి. ఎలా వచ్చినా ఆ ముక్కలన్నీ వరసగా పేర్చి కంతల కొలతలు కాగితం మీద గీసుకోండి. ఆ కొలతతో ఇత్తడి రేకులో కొత్తది చేయించండి, మళ్లీ తుప్పు బెడద ఉండదు. అదే సమయంలో బ్లాకు పక్కనుండే గుండ్రటి వెల్చ్ ప్లగ్గులు తీసి లోపలి బురద కమ్మీతో గోకి, నీళ్లు కొట్టి కడగండి.

ఈ బురద మన నీళ్ల పుణ్యమే. పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఇంట్లో వేడినీళ్ల గిన్నెకు తెల్లగా పట్టే పొరే ఇంజన్ లోపలా పడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. బోరు నీళ్లు ఇక ఒక్క చెంబు కూడా పోయకండి. డిస్టిల్డ్ వాటర్‌లో మంచి కూలెంట్ కలిపి వాడండి. పాత పొర పోవాలంటే నిమ్మ ఉప్పు నీళ్లతో ఇంజన్‌ని వేడెక్కించి, వంచేసి, రెండు మూడు సార్లు శుభ్రంగా కడగండి. ఘాటు యాసిడ్ పోస్తామంటే ఒప్పుకోవద్దు.

థర్మోస్టాట్ మళ్లీ పెట్టించండి. అది తీసేయడం మన షెడ్లలో అలవాటైపోయింది కానీ వైద్యం కాదు. ఇంజన్ సరైన వేడికి రాకపోతే ఆయిల్‌లో మడ్డి చేరుతుంది.

సెల్ఫ్ చాలా నిదానంగా తిరుగుతోంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ పెట్టేస్తే పోతుందని మెకానిక్ అంటున్నాడు.
– ఒక స్కూలు టీచరు, హిందూపురం

ముందు వైర్లు చూడండి. 1950ల తొలి ఏళ్ల క్రైస్లర్ కార్లు ఆరు వోల్టులవి, పైగా పాజిటివ్ ఎర్త్. వోల్టేజీ సగమైతే అదే పనికి రెట్టింపు కరెంటు పారాలి, అందుకు వైరు లావుగా ఉండాలి. ఇప్పటి కార్ల బ్యాటరీ వైరు సన్నం, అది పెడితే సెల్ఫ్‌కి శక్తి అందదు. వేలంత లావు రాగి కేబుల్ వేయించి, ఎర్త్ తగిలే చోట రంగూ తుప్పూ గీకి ఇనుము కనబడేలా చేసి బిగించండి. నూటికి తొంభై సార్లు అక్కడితోనే సరిపోతుంది. ఇంజన్‌కి విడిగా ఎర్త్ పట్టీ ఉందో లేదో కూడా చూడండి. అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి కలిపారేమో గమనించండి. అలా చేసి ఉంటే ఆమ్‌మీటర్ తిరగబడి చూపిస్తుంది, డైనమోకు కూడా మంచిది కాదు.

ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలు పోస్తే పాత ఇంజన్ పాడవుతుందా? సీసం లేని పెట్రోలుకి వాల్వులు అరిగిపోతాయని కూడా విన్నాను.
– ఒక యువకుడు, పెనుకొండ

సీసం గురించి దిగులొద్దు. ఈ క్రైస్లర్ ఇంజన్లకు ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు గట్టి లోహంతో విడిగా అమర్చి కంపెనీయే పంపింది. ఇథనాల్ సంగతి వేరు. ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది, గాల్లో తేమను లాక్కుంటుంది. పెట్రోలు పైపులు, పంపు లోపలి డయాఫ్రమ్ ఇథనాల్‌కి తట్టుకునేవి మార్పించండి. నెలల తరబడి బండి నిలిపేటట్టయితే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి. మే నెల ఎండలో దారిలో ఆగిపోయి, అరగంటకు తనంతట తానే స్టార్ట్ అయితే పెట్రోలు పైపులోనే ఆవిరవుతోందని అర్థం. పంపుకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య కంపెనీ అడ్డుగా పెట్టిన రేకు ఉందో లేదో చూడండి. చాలా బళ్లలో అది ఎప్పుడో పోయి ఉంటుంది.

మా నాన్న డాడ్జ్‌ని టాక్సీగా తిప్పేవారు. పెట్రోలు ఖర్చు భరించలేక 1980ల్లో డీజిల్ ఇంజన్ పెట్టించారు. ఇప్పుడు పెట్రోలు ఇంజన్ వెతికి పెట్టాలా, ఇలాగే ఉంచాలా? వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?
– ఒక పట్టుచీరల నేతకారుడు, ధర్మవరం

ముందు చట్టం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండి వింటేజ్ అవుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు చేసి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేస్తే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఇంతకుముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ వెళ్లిరావడానికి, పెట్రోలుకీ రిపేరుకీ తప్ప రోజువారీ తిప్పడానికి వీల్లేదు. డీజిల్ ఇంజన్‌తో మీ డాడ్జ్‌కి ఆ గుర్తింపు రావడం కష్టం. ఆ ఇంజన్ మార్పు ఆర్‌సీలో ఎక్కిందో లేదో ముందు చూసుకోండి. ఎక్కి ఉంటే, మళ్లీ పెట్రోలుకి మార్చడానికి కూడా రవాణా కార్యాలయం అనుమతి కావాలి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాను. డీజిల్ ఇంజన్ తీసేయకండి. అది మీ ఇంటిని పోషించిన ఇంజన్. అసలు రూపం అంటే ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు రూపమేనా అన్నది బాగా ఆలోచించాల్సిన విషయం. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం ఒక పాత షెవర్లే వ్యాన్. అదీ అమెరికా బండే. పైన నిలబడి మాట్లాడేలా దాన్ని మార్పించారు, హరికృష్ణ నడిపారు. ఆ ఎన్టీఆర్‌నే 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం గెలిపించింది. 1996 ఉప ఎన్నికలో ఆ బండి నడిపిన హరికృష్ణనూ గెలిపించింది. ఇప్పుడెవరైనా ఆ వ్యాన్‌ని కంపెనీ రూపానికి తెస్తామంటే తెలుగువాళ్లు ఒప్పుకుంటారా? అక్కడ మార్పే చరిత్ర. మీ డాడ్జ్ విషయంలోనూ అంతే. ఎక్కడైనా మంచి పెట్రోలు ఇంజన్ దొరికితే కొని, ఆయిల్ పూసి పక్కన పెట్టుకోండి. తొందరేం లేదు. ఇప్పటి ఇంజన్ బిగించడానికి ఛాసిస్‌ని ఇంకెక్కడా కోయనివ్వకుండా ఉంటే చాలు.

సీట్ల గుడ్డ మీ మగ్గం మీదే నేయొచ్చా అని కూడా రాశారు. నేయండి, కానీ పట్టుతో వద్దు. ఎండకూ రాపిడికీ పట్టు నిలవదు. ఆనాటి సీట్లకు ఎక్కువగా ఉన్ని గుడ్డ వాడేవారు. చీర మగ్గం పన్నా ముందు సీటు నిడివికి చాలకపోవచ్చు, కాబట్టి పలకలుగా నేసి కుట్టించండి. లోపల స్పాంజి కుక్కొద్దు. స్ప్రింగుల మీద గోనెపట్ట, దాని మీద దూది, ఇదే అసలు పద్ధతి. రెండూ మన అంగళ్లలోనే దొరుకుతాయి.

మూడు ఊళ్లలో కలిపి పాత బళ్లున్నవాళ్లం కొందరం కలిశాం. ఏదైనా సంఘం పెట్టుకుంటే ఉపయోగమా, లేక ఊరేగింపులకే పరిమితమవుతామా?
– మిత్రబృందం, హిందూపురం

పనిముట్లతో మొదలుపెడితే ఊరేగింపు దగ్గర ఆగిపోరు. మీ క్రైస్లర్ కార్ల వెనక చక్రాల డ్రమ్ములు ఏటవాలు యాక్సిల్ మీద బిగుసుకుని ఉంటాయి. గట్టి పుల్లర్ లేకుండా రావు. సుత్తితో కొడితే డ్రమ్ము పగులుతుంది, బేరింగు పోతుంది. పుల్లర్ ఒకటి చేయిస్తే పది బళ్లకు సరిపోతుంది. బ్రేకు షూలను డ్రమ్ముకు సరిగ్గా నడిమికి తెచ్చే పరికరమూ అంతే. గ్యాస్కెట్ సెట్లు విదేశం నుంచి తెప్పించాల్సి వస్తే ఒక్కరు తెప్పించుకునేదానికన్నా ఐదుగురు కలిసి తెప్పించుకుంటే రవాణా ఖర్చు పంచుకోవచ్చు. అమెరికాలో పాత కార్ల క్లబ్బు 1935లోనే పుట్టింది. వాళ్లు 1955 నుంచి హెర్షీ పట్నంలో ఏటా కలుస్తున్నారు, అక్కడ పాత సామాన్ల సంత సాగుతుంది. డిసోటో పేరు 1960తోనే ఆగింది, ప్లిమత్ 2001లో మూతపడింది. అయినా ఆ కార్లకు ఇవాళ్టికీ సామాన్లు తయారవుతున్నాయంటే ఇలా కలిసి కొనేవాళ్లున్నారు కాబట్టే.

మీలో ఒకరు ఇంగ్లీషు షాప్ మాన్యువల్ చదివి మిగతావాళ్లకు తెలుగులో చెప్పండి. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలోనో తూముకుంట పరిశ్రమల్లోనో పనిచేసే కుర్రాళ్లుంటే తప్పక కలుపుకోండి. మైక్రోమీటర్ పట్టి కొలవడం వాళ్లకు రోజూ పని. అన్నిటికన్నా ముందు, ఫార్గో లారీలు, జీపులు విప్పి బిగించిన పెద్ద మేస్త్రీలు మీ మూడు ఊళ్లలో ఎవరున్నారో వెతకండి. వాళ్లు పని చెబుతుంటే ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. వాళ్ల కూలీ వాళ్లకు నిండుగా ఇవ్వండి. బెంగళూరులో కర్ణాటక వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఉంది, హిందూపురానికి దగ్గరే. ధర్మస్థల యాత్రకు వెళ్లినప్పుడు అక్కడి పాత కార్ల మ్యూజియం చూసి, మీ మోడల్ ఉంటే ప్రతి భాగాన్నీ ఫొటో తీసుకు రండి.

ఎడమ వైపు చక్రం బోల్టు ఎంతకీ రాలేదు. పానాకు పైపు తగిలించి తిప్పితే విరిగింది. జాకీ వేస్తే బండి జారింది కూడా. హ్యాండ్‌బ్రేకు లాగే ఉంది.
– ఒక డ్రైవరు, ధర్మవరం

ఈ క్రైస్లర్ కార్లలో ఎడమ వైపు చక్రాల మరలు తిరుగుడు మరలు. విప్పాలంటే కుడివైపుకి, అంటే మామూలుగా బిగించే వైపుకి తిప్పాలి. మీరు విప్పుతున్నాననుకుని ఇంకా బిగించారు. చక్రం లోపల పెయింటుతో గుర్తు వేసి పెట్టండి, పంక్చర్ వేసేవాళ్లకూ తెలుస్తుంది.

జారడం ఇంకా ప్రమాదం. హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టదు, గేర్‌బాక్సు వెనక షాఫ్టును పడుతుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేవగానే అది ఒకవైపు, నేలమీదున్న రెండోది ఇంకోవైపు తిరగగలవు, బండి కదిలిపోతుంది. పాత జీపులకూ ఇదే వర్తిస్తుంది. నేల మీదుండే చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాకే జాకీ ఎత్తండి. స్టాండు వేయకుండా బండి కిందికి ఎవరినీ దూరనివ్వకండి.